ఆజ్ఞల గొలుసు

తెలుగు అధ్యాపకుడు కంప్యూటరును గూర్చి వ్యాసం వ్రాయడమేమిటని ఈ సంచికను చేతబట్టిన విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. సంపాదకవర్గంవారు నన్ను అడిగింది కూడా ప్రబంధ సాహిత్యాన్ని గూర్చియో, ఛందస్సును గూర్చియో నాలుగు పుటలు వ్రాయమనే. అయినా ఒక తప్పు చేసినవాడు ఆ తప్పును గూర్చి చెప్పకుండా పెద్దన కవితను గూర్చి చెప్పడం న్యాయం కాదనిపించింది. ఆ తప్పు జరిగింది కంప్యూటరులోనే కాని, దాని మూలం వ్యాకరణంలో ఉన్నది. కనుక నా శాఖను విడిచి నేను బహుదూరం పోవడం లేదని ముందుగా మనవి చేస్తున్నాను.

నేను ఎం.ఏ. చదివే రోజులలో కంప్యూటరు నాకు కేవలం వ్రాతపని యంత్రం. సిద్ధాంత వ్యాసాన్ని అచ్చు తీయించుకోవడానికి మించి దానితో నాకు పరిచయం లేదు. 2022లో మా విద్యార్థులు ఒక మంచి పనికి పూనుకున్నారు. తమ ఇండ్లలోని వృద్ధుల మాటలను, వారి వృత్తులకు సంబంధించిన పదాలను, సామెతలను ఫోనులో రికార్డు చేసి తేవడం ఆ పని. మన ఊళ్ళలోని ముస్లిం కుటుంబాలలో ముసలివారు మాట్లాడుతుంటే ఎక్కడ తెలుగు ఆగిందో, ఎక్కడ ఉర్దూ మొదలైందో చెప్పడం కష్టం. ఆ మాటను ఏ నిఘంటువూ పూర్తిగా పట్టుకోలేదు. పట్టుకోవలసిన కాలమూ ఇదే. ఆ తరం వెళ్ళిపోతున్నది. విద్యార్థులు తెచ్చిన రికార్డులను శాఖలోని కంప్యూటరులో 'పలుకులు' అనే ఫోల్డరులో భద్రపరచే బాధ్యతను నేను తీసుకున్నాను. ఫోనులలో జాగా చాలడం లేదని వారు చెబితే, "నాకు ఇచ్చేశారు కదా, ఇక మీ ఫోనుల్లో తీసేయండి" అని చెప్పినవాడినీ నేనే. ఈ మాటను పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను.

కంప్యూటరుతో మాట్లాడడానికి రెండు మార్గాలున్నవి. తెరపై బొమ్మలను నొక్కి పని చేయించుకోవడం ఒకటి. నల్లని తెరపై అక్షరాలా ఆజ్ఞ వ్రాసి ఇవ్వడం రెండవది. ఈ ఆజ్ఞలు పొట్టి మాటలు. ఒక ఫోల్డరులోనికి వెళ్ళడానికి 'సీడీ', నకలు తీయడానికి 'కాపీ', చెరిపివేయడానికి 'డెల్'. రోజూ ఇవ్వవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా వ్రాసిపెట్టుకొంటే, ఆ ఫైలును ఒక్కసారి నొక్కితే చాలు, యంత్రం వాటిని ఒకదాని వెంట ఒకటి నెరవేరుస్తుంది. దీనినే బ్యాచ్ ఫైలు అంటారు. మన ప్రయోగశాలల్లో విద్యార్థులను బ్యాచులుగా పంపినట్లే, పూర్వం పెద్ద కంప్యూటర్లకు రంధ్రాలు చేసిన కార్డుల కట్టలతో పనులను ఒక జట్టుగా అప్పగించేవారు. ఆ పేరే నిలిచింది. 1981లో వచ్చిన డాస్ కాలం నుండి నేటి విండోస్ వరకు ఈ సదుపాయం కొనసాగుతూ వచ్చింది.

మా కంప్యూటర్ ప్రయోగశాలలో పనిచేసే యువ సహోద్యోగి ఒకరు ఈ విద్యను నాకు పరిచయం చేశారు. రెండు మూడు దినాలు నేర్చుకొని, పాండిత్యం వచ్చిందనుకొని, నేనే ఒక బ్యాచ్ ఫైలు వ్రాసుకొన్నాను. అందులో ఉన్నది ఒకే ఒక పంక్తి, మూడు ఆజ్ఞలు. మొదటిది: బయటి డిస్కులోని 'నకళ్ళు' ఫోల్డరుకు వెళ్ళు. రెండవది: అక్కడ ఉన్న పాత నకళ్ళన్నీ చెరిపివేయి. మూడవది: 'పలుకులు' ఫోల్డరులోనివన్నీ కొత్తగా ఇక్కడికి నకలు తీయి. ఈ మూడింటి మధ్య '&' అనే గుర్తును ఉంచాను. మనం 'మరియు' అని చదివే గుర్తే అది.

ఫోల్డరులోని ఫైళ్ళన్నిటినీ ఒకేసారి చెరపమంటే డెల్ ఆజ్ఞ ఊరకనే చెరపదు, "నిశ్చయమేనా?" అని ఒకసారి అడుగుతుంది. వారం వారం ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం విసుగనిపించి, ఆ ప్రశ్న అడగకుండా ఉండేందుకు ఆజ్ఞ చివర '/క్యూ' అనే చేర్పును కూడా చేర్చాను. యంత్రం నన్ను అడగగలిగిన ఆ ఒక్క ప్రశ్న నోటినీ నేనే మూశాను.

కొన్ని వారాలు అంతా సక్రమంగా జరిగింది. ప్రతి శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఆ ఫైలును నొక్కేవాడిని. నల్లని తెర తెరుచుకొని, కొన్ని నిమిషాలు పనిచేసి మూసుకొనేది. ఒక శనివారం ఆ తెర ఇలా తెరుచుకొని అలా మూసుకొన్నది. ఈ రోజు పని త్వరగా అయిందని సంతోషించి, తాళం వేసి ఇంటికి వెళ్ళాను.

సోమవారం వచ్చి చూస్తే 'పలుకులు' ఫోల్డరు ఖాళీ. అందులోనే నేను ఉంచుకొన్న బ్యాచ్ ఫైలు కూడా లేదు. బయటి డిస్కు తీగ వదులై ఉన్నది. శనివారం నాడు ఆ డిస్కు కంప్యూటరుకు అసలు కనిపించనే లేదు. జరిగినది ఇది: "ఆ డిస్కుకు వెళ్ళు" అన్న మొదటి ఆజ్ఞ విఫలమైంది. వెళ్ళలేకపోయిన యంత్రం ఉన్నచోటనే ఉన్నది. ఉన్నచోటు, నేను నొక్కిన ఫైలు ఉన్న 'పలుకులు' ఫోల్డరే. ఆ తరువాత "అక్కడ ఉన్నవన్నీ చెరిపివేయి" అన్న రెండవ ఆజ్ఞను అది తు.చ. తప్పకుండా నెరవేర్చింది. విద్యార్థుల రికార్డులతోపాటు తనకు ఆజ్ఞ ఇచ్చిన ఫైలును కూడా చెరిపివేసింది. మూడవ ఆజ్ఞకు వచ్చేసరికి నకలు తీయడానికి ఏమీ మిగలలేదు. ఇలా ఆజ్ఞతో చెరిపినవి తెరపై కనిపించే చెత్తబుట్టలోనికి కూడా పోవు.

మొత్తం రికార్డులు 43. అంతకుముందు శనివారం తీసిన నకళ్ళు బయటి డిస్కులో ఉండడం చేత 34 దక్కాయి. ఆ వారంలో కొత్తగా చేరిన 9 పోయాయి. మా సహోద్యోగి ఒక రోజంతా శ్రమించినా వాటిలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. విద్యార్థులను అడిగితే, నా మాట మీద గౌరవంతో అందరూ తమ ఫోనుల్లో తీసివేశారు. ఆరుగురు పెద్దలు దయతో మళ్ళీ చెప్పడానికి ఒప్పుకొన్నారు. ఇద్దరు, చెప్పింది మళ్ళీ చెప్పడమేమిటని నిరాకరించారు. తొమ్మిదవది బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె తెచ్చిన ఆమె నానీ మాట.

ఆ వృద్ధురాలు పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆ కుట్టుపనిలోని మాటలన్నీ మనుమరాలు సోమవారం నాడు రికార్డు చేసింది. గురువారం నాడు ఆమె కన్నుమూసింది. శనివారం నాడు నా యంత్రం పని త్వరగా ముగించింది. వారం తరువాత ఆ అమ్మాయి శాఖకు వచ్చి, "సార్, అమ్మ నానీ గొంతు వినాలంటోంది. ఒక్కసారి ఇస్తారా?" అని అడిగింది. నేను చెప్పవలసింది చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీండి సార్" అని, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పది సంవత్సరాలుగా పాఠం చెబుతున్న నాకు ఆ రోజు ఆ గదిలో కూర్చోవడం కష్టమైంది.

మరునాడు మా సహోద్యోగిని నా లోపమేమిటో చెప్పమన్నాను. ఆయన కాగితం మీద మూడు గుర్తులు వ్రాశారు. '&' అంటే మొదటిది అయినా, కాకపోయినా రెండవది చేయి. '&&' అంటే మొదటిది అయితేనే రెండవది చేయి. '||' అంటే మొదటిది కాకపోతేనే రెండవది చేయి. "మీరు ఒక గీత తక్కువ పెట్టారు సార్, అంతే" అన్నారు. రెండవ '&' ఉండి ఉంటే, డిస్కుకు వెళ్ళలేకపోయిన క్షణాననే గొలుసు తెగి, చెరిపే పని జరిగేది కాదు. ఈ జంట గుర్తులు 1979లో విడుదలైన యూనిక్స్ ఏడవ సంచికలోని బోర్న్ షెల్‌లోనే ఉన్నవి. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. ఆజ్ఞల తెరలోనూ ఉన్నవి. అంటే నేను తప్పు చేయకముందు ఎంతో కాలం క్రితమే ఆ తప్పుకు మందు తయారై ఉన్నదన్నమాట.

ఆ కాగితాన్ని చూస్తూ ఉండగా అది నాకు కొత్త విషయం కాదనీ, ఏటేటా తరగతిలో నేను చెప్పే పాఠమేననీ స్ఫురించింది. మన వ్యాకరణంలో అసమాపక క్రియలున్నవి. 'చేస్తే' అన్నది చేదర్థకం, షరతును చెబుతుంది. 'చేసినా' అన్నది అప్యర్థకం. మొదటి పని జరిగినా ఫలితం మారదని చెబుతుంది. 'చేయకపోతే' అన్నది వ్యతిరేక రూపం. 'చేసి' అన్నది క్త్వార్థకం. ముందు ఒక పని పూర్తయి, తరువాత మరొకటి జరగడాన్ని చెబుతుంది. '&&' మన చేదర్థకం. '||' దాని వ్యతిరేకం. '&' మాత్రం "అయినా, కాకపోయినా" అనే అప్యర్థకాల జంట. నేను '&' వ్రాసినప్పుడు నా మనస్సులో ఉన్నది క్త్వార్థకం: "డిస్కుకు వెళ్ళి, పాతవి చెరిపి, కొత్తవి నకలు తీయి."

ఇక్కడనే ఉన్నది అసలు రహస్యం. ఇంట్లో పిల్లవాడిని పిలిచి, "అంగడికి వెళ్ళి, పెరుగు తెచ్చి, ఈ గిన్నెలో ఉన్నది పారబోసి, అందులో పోయి" అంటాము. అంగడి మూసి ఉంటే ఆ పిల్లవాడు తిరిగి వచ్చి గిన్నెలోనిది పారబోస్తాడా? పారబోయడు. "అంగడి మూసి ఉందమ్మా, ఏం చేయమంటావు?" అని అడుగుతాడు. 'వెళ్ళి' అన్న మాటలో 'వెళ్ళగలిగితేనే' అన్న షరతు దాగి ఉన్నదని అతనికి ఎవరూ నేర్పలేదు, మాటతోపాటే తెలిసింది. మన భాషలో ఆ షరతు ఒక చిన్న ఇకారంలో మౌనంగా ఉంటుంది. యంత్రానికి మౌనం అర్థం కాదు. మనం చెప్పక వదిలినది దానికి లేనట్లే.

ఈ సంగతిని మా ఉర్దూ శాఖలోని పెద్దలతో ప్రస్తావిస్తే ఆయన నవ్వి, "అరే మియా, ఇది మీ తెలుగు సొత్తు మాత్రమేనా?" అన్నారు. పుస్తకాల ఉర్దూలో 'జాకర్ లావో', మన దక్కనీ ఇండ్లలో 'జాకో లావ్'. ఆ 'కర్', ఈ 'కో', మన ఇకారం చేసే పని ఒక్కటే. రెండు భాషలను రెండు కుటుంబాలుగా లెక్కించే శాస్త్రజ్ఞులు కూడా ఈ పోలికను కాదనరు. రెండు భాషలలోనూ మాట్లాడే మనం ఒకే విధంగా షరతును మాటలో దాచుకొని, ఎదుటివారు గ్రహిస్తారని నమ్ముతాము.

'&&' నేర్చుకొన్న ఉత్సాహంలో ఇక భయం లేదనుకొన్నాను. అదీ తొందరపాటే. మొదటి ఆజ్ఞ నెరవేరిందో లేదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ప్రతి ఆజ్ఞా ముగిసేటప్పుడు ఒక సంఖ్యను వదలిపోతుంది. దానిని ఎర్రర్‌లెవెల్ అంటారు. సున్న అంటే విజయం. మరే సంఖ్య అయినా లోపం. సున్న మార్కులు వచ్చిన విద్యార్థులకు ఈ సంగతి కొంత ఊరట కలిగించవచ్చును! పని సక్రమంగా జరిగే తీరు ఒకటే గనుక దానికి ఒక అంకె చాలు. చెడిపోయే తీరులు అనేకం గనుక తక్కిన అంకెలన్నీ వాటికి కేటాయించారు.

అయితే అన్ని ఆజ్ఞలూ ఈ సంప్రదాయాన్ని పాటించవు. పెద్ద ఫోల్డర్లను నకలు తీసే 'రోబోకాపీ' అనే ఆజ్ఞ ఉన్నది. నకలు తీయవలసింది ఏమీ లేకపోతే అది సున్న ఇస్తుంది. అన్నీ చక్కగా నకలు తీస్తే ఒకటి ఇస్తుంది. ఎనిమిది, ఆపైన వస్తేనే నిజమైన వైఫల్యం. దాని వెనుక '&&' పెడితే, పని చక్కగా జరిగిన రోజున తరువాతి ఆజ్ఞ ఆగిపోతుంది; ఏ పనీ లేని రోజున నడుస్తుంది. అలాగే 'సీడీ' ఆజ్ఞకు '/డీ' అనే చేర్పు లేకుండా మరొక డిస్కు పేరు చెబితే, ఆ ఫోల్డరు అక్కడ ఉన్నంతవరకు "సరే" అని సున్న ఇస్తుంది కాని, మనం నిలిచిన డిస్కు మారదు. అప్పుడు '&&' కూడా మనలను రక్షించదు. యంత్రం దృష్టిలో విజయం వేరు, మన ఉద్దేశం నెరవేరడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమును పూడ్చవలసినవాడు ఆజ్ఞ వ్రాసేవాడే.

మూడు ఆజ్ఞలను '&&', '||' లతో ఒకే వరుసలో కలిపేవారు మరొక మెలకువ పాటించాలి. "మొదటిది అయితే రెండవది, లేకపోతే మూడవది" అని మనం చదువుకొంటాము. కాని మొదటిది నెరవేరి రెండవది విఫలమైనా మూడవది నడుస్తుంది. ఒక బ్యాచ్ ఫైలు నుండి మరొక బ్యాచ్ ఫైలును పిలిచేటప్పుడు 'కాల్' అనే మాట చేర్చకపోతే, పని అక్కడికి వెళ్ళిపోతుందే గాని తిరిగి రాదు; తరువాతి పంక్తులు అలాగే మిగిలిపోతాయి. ఒక బల్ల నుండి మరొక బల్లకు వెళ్ళి తిరిగిరాని దరఖాస్తులను చూచినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు.

ఇక ఒంటి నిలువు గీత '|' వేరొక జాతి. అది షరతు కాదు, ప్రవాహం. ఒక ఆజ్ఞ ఇచ్చిన ఫలితాన్ని మరొక ఆజ్ఞ చేతికి అందిస్తుంది. పేర్ల జాబితా తీసే ఆజ్ఞ వెనుక ఈ గీతను, దాని వెనుక 'సార్ట్' ఆజ్ఞను పెడితే ఆ జాబితా అక్షరక్రమంలో వస్తుంది. తోటకు నీళ్ళు పట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను కలిపే వీలుండాలని 1964లోనే డగ్లస్ మెకిల్‌రాయ్ భావించారు. 1973లో కెన్ థాంప్సన్ దానిని యూనిక్స్‌లో అమలుపరిచారు. చిన్న చిన్న పనులు చేసే సాధనాలను కలిపి పెద్ద పని సాధించడమనే ఆ ఆలోచన ఎంతో అందమైనది. గొట్టమైనా, గొలుసైనా, బలం అంతా కలిపినచోటనే ఉన్నది.

ఇంత తెలుసుకొన్న తరువాత నా బ్యాచ్ ఫైలును తిరిగి వ్రాశాను. పాతదాన్ని చెరిపి కొత్తదాన్ని తేవడం అనే వరుసే అవివేకమని మా సహోద్యోగి చెప్పారు. కొత్తది చేరేవరకు పాతది ఉండవలసిందే. ఇప్పుడు నా ఫైలు ముందుగా ఆ వారం తేదీతో వేరొక ఫోల్డరులో నకలు తీస్తుంది. అది సఫలమైతేనే 'ఎఫ్‌సీ' అనే ఆజ్ఞతో అసలును, నకలును పోల్చి చూస్తుంది. ఏది విఫలమైనా ఆగి, తెర మూయకుండా నాకు చెబుతుంది. చెరిపివేసే ఆజ్ఞను గొలుసు నుండి పూర్తిగా తొలగించాను. ఎప్పుడైనా చెరపవలసివస్తే, స్థలం పేరును సంపూర్ణంగా వ్రాసి, "నిశ్చయమేనా?" అన్న ప్రశ్నకు నా చేతితోనే జవాబు ఇస్తున్నాను. ఆ ప్రశ్న ఇప్పుడు నాకు విసుగు కలిగించడం లేదు.

కాని అన్ని తప్పులనూ యంత్రం మీద పెట్టి తప్పుకోవడం భావ్యం కాదు. బ్యాచ్ ఫైలు కంటే ముందే నేను మరొక గొలుసు వ్రాశాను. "నాకు ఇవ్వండి; మీ ఫోనుల్లో తీసేయండి." ఈ రెండు ఆజ్ఞల మధ్య నేను పెట్టినదీ ఒంటి '&' మాత్రమే. నాకు చేరినది రెండుచోట్ల భద్రంగా ఉన్నదని చూచుకొన్న తరువాతనే తీసివేయమని చెప్పి ఉండవలసింది. యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞలో ఒక గీత లోపించింది. విద్యార్థులకు ఇచ్చిన ఆజ్ఞలో లోపించినది బాధ్యత. యంత్రం ఎదురు అడగలేదు, ఎందుకంటే దానికి నోరు లేకుండా చేశాను. విద్యార్థులూ అడగలేదు, ఎందుకంటే నేను వారి గురువును. ఈ రెండవ మౌనమే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. విద్యార్థులారా! పెద్దవారు ఒకదాని వెంట ఒకటిగా పనులు చెప్పినప్పుడు, "మొదటిది కాకపోతే ఏం చేయమంటారు?" అని అడగడం అవిధేయత కాదు. అడగని విధేయత ఎంత నష్టం చేయగలదో నేను చూచాను.

కొన్ని నెలల తరువాత ఆ విద్యార్థిని మళ్ళీ వచ్చింది. నానీ చెప్పిన వాటిలో తనకూ, తల్లికీ జ్ఞాపకమున్నంతవరకు నాలుగు పుటలు వ్రాసి తెచ్చింది. ఆ పుటలను స్కాను చేసి, మూడుచోట్ల భద్రపరచి, అసలు కాగితాలను ఆమెకే తిరిగి ఇచ్చాను. గొంతు లేదు, కొన్ని మాటలున్నవి. వాటిలో బొంత కుట్టడం మొదలుపెట్టే పిల్లలకు ఆ వృద్ధురాలు చెప్పే మొదటి మాట ఒకటి ఉన్నది: దారం చివర ముడి వేసి, ముడి నిలిచిందో లేదో లాగి చూచి, అప్పుడు సూది గుచ్చమని. ముడి లేకపోతే ఎన్ని కుట్లు వేసినా దారం గుడ్డలోనుంచి జారి చేతికి వచ్చేస్తుందట.

ఆ మాటలో మూడు క్రియలున్నవి. మధ్యనున్నది 'లాగి చూచి'. నేను ఆ రోజు వదిలివేసిన ఆజ్ఞ అదే.